పిల్లలమర్రి ఊడను తాకితే: తరగతి గదికి ఇంటరాక్టివ్ చిత్రాల తయారీ, వాడకం

ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన ఊరు - మన బడి’ కార్యక్రమం 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైంది. అప్పటి నుంచి ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎన్నో ఉన్నత పాఠశాలల గోడల మీదికి పెద్ద తాకే తెరలు ఎక్కాయి. మనం ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) అంటాం, పిల్లలు ‘పెద్ద టీవీ’ అంటారు. చాలాచోట్ల పిల్లల మాటే నిజమవుతోంది. వీడియో పెట్టి, లైట్లు ఆర్పి, పీరియడ్ గడిపేస్తే అది టీవీ కాక మరేమిటి?

ఆ తెరకు తగిన పని ఇంటరాక్టివ్ చిత్రం. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక ఫొటో, దాని మీద నాలుగైదు చోట్ల చుక్కలు. చుక్కను తాకితే ఒక ప్రశ్నో, దగ్గర నుంచి తీసిన ఫొటోనో, ఎవరిదో గొంతో తెరుచుకుంటుంది. స్లైడ్లు చేయడం వచ్చిన ఉపాధ్యాయులు ఎవరైనా ఒక సాయంత్రంలో దీన్ని తయారు చేయగలరు. కష్టమంతా ఏది చూపాలి, ఏది దాచాలి అని తేల్చుకోవడంలోనే ఉంది. నా పద్ధతి ఒక్కటే: చుక్క వెనుక ముందు ప్రశ్న ఉండాలి, జవాబు ఆ ప్రశ్న వెనుక ఉండాలి. తాకగానే సమాచారం కుమ్మరించే చిత్రానికీ, పాఠ్యపుస్తకంలో పేర్లు రాసిన బొమ్మకూ పెద్ద తేడా లేదు.

ముందు చిత్రం, తరువాతే కంప్యూటర్

వెనుక బెంచీలో కూర్చున్న విద్యార్థికి చిత్రంలో మూడు సంగతులు తెలిసినవి కనిపించాలి, ఒకటి అంతుపట్టకుండా ఉండాలి. భాగాల పేర్లు ముందే అచ్చయిన బొమ్మలు ఈ పనికి పనికిరావు. నెట్‌లో దొరికే రంగురంగుల రేఖాచిత్రాలలో ఎక్కువ భాగం ఆ కోవలోవే.

మన ప్రాంతంలో చిత్రాలకు కొదవ లేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా నిలిచే నీడ ఏ స్తంభానిది? కాంతి పాఠానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఎక్కడా దొరకదు. భూదాన్ పోచంపల్లి మగ్గం ముందు చిటికి కట్టిన (రంగు అంటకుండా అక్కడక్కడా బిగించి కట్టిన) నూలు ఫొటో పెడితే, బట్ట నేయకముందే నూలు మీద డిజైను ఎలా వచ్చిందని పిల్లలే అడుగుతారు. అలంపురం దగ్గర కృష్ణ, తుంగభద్రలు కలిసే చోటును పైనుంచి తీసిన ఉపగ్రహ చిత్రం భూగోళ పాఠానికి సరిపోతుంది.

ఫొటో మీరే తీస్తే మంచిది. ఫోనును అడ్డంగా పట్టుకోండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలు నల్లగా పడి వివరాలు పోతాయి కాబట్టి ఉదయమో, నాలుగు తరువాతో తీయండి. వెడల్పైన ఫొటో ఒకటి తీసి, చుక్క పెట్టదలచిన ప్రతి చోటునూ అదే రోజు దగ్గరికి వెళ్లి మళ్లీ తీయాలి. ఇంటికి వచ్చాక పెద్ద ఫొటోలోంచే ముక్క కత్తిరించి పెద్దది చేస్తే మసకబారుతుంది. ప్యానెల్ తెర 16:9 కొలతలో ఉంటుంది, ఫోను మామూలుగా 4:3లో తీస్తుంది. కనుక పైనా కిందా కొంత పోతుందని గుర్తుంచుకుని ఫ్రేము పెట్టుకోండి. వెడల్పు 1920 పిక్సెళ్లకు తగ్గిస్తే చాలు. ఫోనులోంచి వచ్చిన భారీ ఫైళ్లను అలాగే పెడితే ప్యానెల్ ప్రతి తాకిడికీ ఆలోచనలో పడుతుంది.

ఇతరుల ఫొటో కావాలంటే వికీమీడియా కామన్స్‌లో వెతకండి. ప్రతి ఫొటో కింద ఏ లైసెన్సుతో వాడుకోవచ్చో రాసి ఉంటుంది. తీసినవారి పేరును మీ చిత్రం మూలలో చిన్నగా రాయడం మర్యాద, చాలా లైసెన్సుల్లో షరతు కూడా. విద్యార్థుల ముఖాలు పడిన ఫొటోలు మాత్రం వద్దు.

ఐదు ప్రశ్నలు, అంతకు మించి వద్దు

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని తీసుకుని చూద్దాం. ఇది ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మర్రి, సుమారు మూడెకరాల్లో పరుచుకుంది. ఒక హెచ్చరిక. సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు గుడులున్న ఊరి పేరు కూడా పిల్లలమర్రే. పేరు కొట్టి మొదట వచ్చిన ఫొటో దించుకునేవారికి చెట్టు పాఠంలో నంది ప్రత్యక్షమవుతుంది.

కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద చెట్టు ఆకారం గీసి, చుక్కలు ఎక్కడ పెట్టాలో, ఏం అడగాలో రాసుకోండి.

మొదటి చుక్క గాలిలో వేలాడే సన్నని ఊడ మీద. “ఇది కొమ్మా, వేరా? ఎలా చెప్పగలరు?” జవాబు తెరలో ఊడ చివరి దగ్గరి ఫొటో పెట్టండి. ఆకు లేదు, మొగ్గ లేదు. కొమ్మ నుంచి పుట్టి నేలకేసి దిగుతున్న అబ్బురపు వేరు ఇది. రెండో చుక్క నేలలో పాతుకుని మానులా లావెక్కిన ఊడ మీద. “దీన్ని మాను అనాలా, ఊడ అనాలా?” ఈ ప్రశ్నకు తరగతి రెండుగా చీలిపోతుంది. చీలిపోనివ్వండి.

మూడోది సెలైన్ సీసా. 2017 డిసెంబరులో ఈ చెట్టు పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపల తొలిచేశాయి. సందర్శకులను ఆపి, 2018లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును పలుచగా కలిపి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో చెట్టుకు ఎక్కించారు. “మందును ఒక్కసారే పోయకుండా చుక్కచుక్కగా ఎందుకు ఎక్కించారు?” అన్నది ప్రశ్న. మొదట మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే అది బయటికి కారిపోయింది, చుక్కలుగా ఇస్తేనే చెట్టు పీల్చుకునే వ్యవధి దొరికింది అన్నది జవాబు. ఇప్పుడు తీసిన ఫొటోలో సీసాలు ఉండవు కాబట్టి, వాడుకోవడానికి అనుమతి ఉన్న ఆనాటి ఫొటో దొరికితే సరే, లేకపోతే సీసా బొమ్మ గీసి అతికించండి.

నాలుగోది బరువైన కొమ్మ కింద నిలబెట్టిన ఆధారం. “ఊడలు ఉండగా చెట్టుకు వేరే స్తంభం ఎందుకు?” ఊడ నేలను అందుకుని, లావెక్కి, బరువు మోసే స్థితికి రావడానికి ఏళ్లు పడుతుంది. విరగబోయే కొమ్మ అన్నేళ్లు ఆగదు.

అయిదో ప్రశ్నకు చుక్క లేదు, జవాబు తెరా లేదు. “అన్నిటికంటే ముందు మొలిచిన మాను ఏది? వచ్చి చూపించండి.” పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చోట వేలు పెడతారు. ఎందుకు అక్కడే అని అడగడమే మీ పని. నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే.

చుక్కలు పది, పన్నెండు పెడితే ఏం జరుగుతుందో ఎవరైనా ఊహించగలరు. చుక్కలన్నీ తాకేయాలన్న పోటీ మొదలవుతుంది, చెట్టు వైపు చూసేవారు ఉండరు.

ఇంటర్నెట్ లేకుండా: స్లైడ్లతో

థింగ్‌లింక్, జీనియల్లీ వంటి వెబ్ సేవలు ఈ పనికే పుట్టాయి, బాగుంటాయి. కానీ అవి నడవాలంటే ఇంటర్నెట్ కావాలి. సరిగ్గా మూడో పీరియడ్‌లో నెట్ పోయే బడులకు వాటిని నేను సిఫారసు చేయను. పవర్‌పాయింట్ గానీ, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్ గానీ చాలు.

మొదటి స్లైడులో పిల్లలమర్రి ఫొటోను తెర నిండా పరచండి. నాలుగు చుక్కలకు నాలుగు ప్రశ్న స్లైడ్లు, నాలుగు జవాబు స్లైడ్లు, మొత్తం తొమ్మిది. ముందు ఇవన్నీ తయారు చేసుకున్నాకే లింకుల జోలికి వెళ్లండి. ప్రశ్న స్లైడులో ఆ భాగం దగ్గరి ఫొటో, కింద ఒక వాక్యం, ‘జవాబు’ అనే మీట ఉండాలి. జవాబు స్లైడులో రెండు మూడు వాక్యాలు, ‘చెట్టు దగ్గరికి’ అనే మీట. ప్రశ్న స్లైడులో కూడా వెనక్కి వెళ్లే మీట పెట్టండి. ఒక్కోసారి జవాబు చూపకుండానే తిరిగి రావలసి ఉంటుంది, మరుసటి రోజుకు ఆలోచించుకు రమ్మనడానికి.

ఇప్పుడు మొదటి స్లైడులో ఊడ మీద చిన్న వృత్తం గీయండి. దాన్ని ఎంచుకుని ‘ఇన్సర్ట్’లో ‘లింక్’ నొక్కితే వచ్చే పెట్టెలో, ఇదే ఫైలులోని స్లైడ్లను చూపే ఎంపిక ఉంటుంది. అందులోంచి మొదటి ప్రశ్న స్లైడును ఎంచుకోండి. మిగతా చుక్కలకూ మీటలకూ ఇదే పని. చుక్క కనిపించకుండా దాచాలనుకుంటే రంగు పూర్తిగా తీసేయకండి. రంగు ఉంచి, పారదర్శకతను నూటికి నూరు చేయండి. రంగే లేని ఆకారానికి మధ్యలో తాకితే స్పందన రాకపోవచ్చు, అంచు మీదే వేలు పడాలి.

చాలామంది మరిచిపోయే మెట్టు ఇక్కడ ఉంది. చుక్క తప్పి పక్కన తాకినా పవర్‌పాయింట్ తరువాతి స్లైడుకు వెళ్లిపోతుంది, ప్రశ్న రాకముందే గుట్టు రట్టవుతుంది. ‘ట్రాన్సిషన్స్’ ట్యాబులో మౌస్ క్లిక్‌తో ముందుకు వెళ్లే గడిలోని టిక్కు తీసేసి, అన్ని స్లైడ్లకూ వర్తింపజేయండి. స్లైడ్ షో అమరికల్లో కియోస్క్ ఎంపిక పెట్టినా ఇదే ఫలితం. అప్పుడు లింకులు తప్ప మరేదీ పనిచేయదు.

చుక్క ఎంత ఎత్తులో ఉందో కూడా చూసుకోవాలి. ప్యానెళ్లను పెద్దల ఎత్తుకు బిగించారు. ఆరో తరగతి అమ్మాయి మునివేళ్ల మీద నిలబడినా తెర పైభాగం అందదు. చుక్కలన్నీ కింది సగంలో పడేలా ఫొటోను కత్తిరించుకోండి. కుదరకపోతే చుక్కను కిందికి దించి, అసలు భాగం దాకా ఒక గీత గీయండి.

లుమీతో మరో మెట్టు పైకి

హెచ్5పీ అనేది ఉచితంగా దొరికే, ఎవరైనా వాడుకోగల ఇంటరాక్టివ్ పాఠాల పద్ధతి. దానిని సొంత కంప్యూటర్‌లోనే నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు లుమీ. మొదటిసారి మాత్రం నెట్ ఉన్నచోట తెరిచి, కావలసిన రకాలను దించుకోవాలి. ఆ తరువాత నెట్ అక్కర లేదు. తయారైన పాఠాన్ని ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లవచ్చు. ప్యానెల్‌లో దానిని క్రోమ్ వంటి బ్రౌజర్‌తోనే తెరవండి. ఆండ్రాయిడ్‌లోని సాదా ఫైలు వీక్షకంలో తెరిస్తే చిత్రం కనిపించినా చుక్కలు స్పందించకపోవచ్చు.

లుమీలో పని వరుస ఇలా ఉంటుంది: కొత్త పాఠం, రకం ఎంపిక, ఫొటో ఎక్కించడం, ఫొటో మీద నొక్కి చుక్క పెట్టడం, ఆ చుక్కకు శీర్షిక, లోపల రాతో ఫొటోనో ఆడియోనో చేర్చడం, భద్రపరచడం, ఎగుమతి. ‘ఇమేజ్ హాట్‌స్పాట్స్’ రకం పైన చెప్పిన చుక్కల చిత్రానికి సరిపోతుంది. అయితే ఒక చుక్కలో రెండు మెట్లు ఉండవు కాబట్టి చుక్కలో ప్రశ్న మాత్రమే పెట్టి, జవాబును నోటితో రాబట్టండి. నిజానికి అదే మేలు.

దీని అసలు బలం మిగతా రకాల్లో ఉంది. రెండు ఫొటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో గీతను జరిపి చూసే రకం ఒకటి, ‘ఇమేజ్ జక్స్టపొజిషన్’. నాగార్జునసాగర్‌ను మే నెలలో ఒకసారి, 26 క్రస్టు గేట్లు ఎత్తిన వరద రోజున ఒకసారి తీసి పెట్టండి. రెండూ ఒకే చోటు నుంచి, ఒకే ఎత్తు నుంచి తీయాలి. లేకపోతే గీత జరిపినప్పుడు కొండలు కూడా జరుగుతాయి. ఈ చిత్రం మీద అడగవలసిన ప్రశ్న ఇది: “సాగర్ నీటిమట్టం 590 అడుగులు అని పేపర్లో రాస్తారు. అంటే నీళ్లు 590 అడుగుల లోతు ఉన్నాయా?” పెద్దలు కూడా తడబడే చోటు ఇది. ఆ లెక్క సముద్ర మట్టం నుంచి వేసినది, జలాశయం అడుగు నుంచి కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీటి విడుదల వంటి తేదీలను చుక్కల్లో దాచనక్కర లేదు. నల్లబల్ల మీద రాస్తే చాలు.

లాగి సరైన చోట పెట్టే ‘డ్రాగ్ అండ్ డ్రాప్’ రకానికి నల్లగొండ టెక్నిక్‌ను మించిన పాఠం లేదు. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించి, మన జిల్లా పేరు పెట్టిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి అది. బకెట్టు బొమ్మ ఒకటి గీయండి. సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక, కలపడం, తేరనివ్వడం అనే చీటీలను పిల్లలు వరుసలో లాగి పెట్టాలి. బకెట్టుకు నల్లా అట్టడుగున కాకుండా కాస్త పైన ఉన్నట్టు గీసి, అక్కడొక ప్రశ్న పెట్టండి: “అడుగున పెడితే ఏమవుతుంది?” పటికతో పాటు కిందికి దిగిన ఫ్లోరైడు బురదే మళ్లీ గ్లాసులోకి వస్తుందని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిని చివర చెప్పండి.

ఈ పాఠంలో ఫ్లోరైడు నీటితో వంకర్లు తిరిగిన కాళ్ల ఫొటోలు దయచేసి పెట్టకండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బడుల్లో అలాంటి తాతల మనవలు ఆ బెంచీల్లోనే కూర్చుని ఉంటారు.

తెలుగు అక్షరాల తంటా

డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేయించిన పాఠాన్ని ప్యానెల్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ఏ పరికరంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే టైపు చేయండి. గౌతమి, నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఫాంట్లు ఏవైనా సరే. చివరి బెంచీకి కనిపించాలంటే అక్షరం 32 పాయింట్లకు తగ్గకూడదు, ఒక తెర మీద మూడు వాక్యాలు దాటకూడదు. ఫొటో మీద నేరుగా రాసిన తెల్ల అక్షరాలు ఆకుల మధ్య కలిసిపోతాయి. వెనుక ముదురు రంగు పట్టీ వేయండి. పాఠానికి ముందు రోజే అసలు ప్యానెల్ మీద ఒకసారి తెరిచి, అన్ని చుక్కలూ తాకి చూడండి. స్లైడ్లు తెరిచే యాప్ మారితే లింకుల తీరు కూడా మారవచ్చు.

తరగతిలో ఆ పీరియడ్

చిత్రం పెట్టగానే ఎవరినీ తాకనివ్వకండి. రెండు నిమిషాలు చూడటమే. ఆ రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం పిల్లలకంటే ఉపాధ్యాయులకు కష్టం. తరువాత ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో కనిపించింది ఒకటి, అనుకున్నది ఒకటి, అడగాలనుకున్నది ఒకటి రాయాలి.

అప్పుడు ఒకరిని పిలవండి. ముందు వరుసలో చేతులెత్తేవారినే పిలిస్తే తెర వారి సొత్తవుతుంది. హాజరు పట్టీలోంచి అంకె చెప్పి పిలవడం మంచి ఉపాయం. వచ్చినవారు చుక్కను తాకి, ప్రశ్నను గట్టిగా చదవాలి. జవాబు మీట వెంటనే నొక్కకూడదు. తరగతి ముందు తన అంచనా చెప్పాలి, పక్కవారితో ఒక నిమిషం మాట్లాడుకోవాలి, మళ్లీ చెప్పాలి. అంచనా మారినవారు ఎందుకు మారిందో చెబితే ఇంకా మంచిది. ఆ తరువాతే జవాబు. ఇలా సాగితే ఒక పీరియడ్‌లో మూడు చుక్కలు కూడా పూర్తికాకపోవచ్చు. కాకపోయినా నష్టం లేదు.

కిటికీ వెలుతురు తెర మీద పడే గదిలో ఉదయం పీరియడ్ కంటే మధ్యాహ్నం బాగుంటుందేమో చూసుకోండి, గది దిక్కును బట్టి ఉంటుంది. కరెంటు పోయే ఊళ్లలో అదే ఫొటోను ఫ్లెక్సీగా వేయించి, చుక్కల చోట అంకెలు అతికించి, ప్రశ్నల చీటీలు కవర్లలో పెట్టుకోండి. పాఠం ఆగదు. పరీక్షకు కూడా ఆ ఫొటోనే నలుపు తెలుపులో అచ్చు వేసి, చుక్కలు తీసేసి ఇవ్వండి. ఏ భాగం గురించి ఏ ప్రశ్న అడిగారో పిల్లలే గుర్తుపట్టి రాయాలి. ఎవరు చిత్రాన్ని చూశారో, ఎవరు చుక్కలను చూశారో అక్కడ తేలిపోతుంది.

పిల్లలే తయారు చేస్తే

రెండు మూడు పాఠాల తరువాత పని వారికి అప్పగించండి. మొదటి అంశంగా ఊరి చెరువును ఇవ్వడం తేలిక. కట్ట, తూము, అలుగు (నిండిన నీళ్లు పొర్లే చోటు), శిఖం (చెరువు లోపలి భూమి), ఆయకట్టు అన్న మాటలు ఇళ్లలో ఇంకా వాడుకలో ఉన్నాయి. నలుగురి జట్టుకు ఒక ఫొటో, నాలుగు చుక్కలు. నియమం ఒక్కటే: “దీన్ని ఏమంటారు?” అన్న ప్రశ్న పెట్టకూడదు. “అలుగు కట్ట కంటే ఎందుకు తక్కువ ఎత్తులో ఉంది?” అన్నది ప్రశ్న. “ఎండాకాలంలో శిఖం భూమిలో ఎవరు ఏం పండిస్తారు?” అన్నదీ ప్రశ్నే.

జవాబు చుక్కలో నానమ్మ గొంతు పెట్టగలిగితే పాఠం స్థాయే మారిపోతుంది. అలుగు దుంకిన సంవత్సరం ఏం జరిగిందో ఆమె చెప్పే నిమిషం పాటు మాటలను ఫోనులో రికార్డు చేసి, లుమీ చుక్కలో ఆడియోగా చేర్చవచ్చు. రికార్డు చేసే ముందు, అది తరగతిలో వినిపిస్తామని ఆమెకు చెప్పి ఒప్పించుకోవాలి. ఒక నిమిషం దాటితే కత్తిరించండి, ప్యానెల్ స్పీకరు ముందు అంతకంటే ఎక్కువసేపు పిల్లలు నిలవరు.

కంప్యూటర్ ల్యాబ్ లేని బడిలో ప్రశ్నలు, జవాబులు, చుక్కల చోట్లు కాగితం మీద పిల్లలు తయారు చేస్తే, ఎక్కించే పని మీరు చేయవచ్చు. నేర్చుకోవడమంతా కాగితం దశలోనే జరిగిపోతుంది.

దాచుకోవడం, పంచుకోవడం

ఎగుమతి చేసిన ఫైలు మళ్లీ మార్చడానికి వీలుకాదు. కాబట్టి మార్చగలిగే అసలు ఫైలును, వాడిన ఫొటోలను, ఆడియోలను ఒకే ఫోల్డరులో ఉంచండి. ఫోల్డరు పేరులో తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు ఉండాలి. ‘కొత్తది’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అని పెడితే వచ్చే జూన్‌లో మీకే దొరకదు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు రెండు రకాల ఫైళ్లనూ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. మిర్యాలగూడ వైపు ఉపాధ్యాయులకు మీ పిల్లలమర్రి చిత్రం పనికొస్తుంది, వారి దగ్గరున్న సాగర్ కాలువ ఫొటోలు మీకు పనికొస్తాయి.